కాలికొక వాటా

ఎదిగే పిల్లకు కృత్రిమ కాలు అమర్చడం ఒక్కసారితో అయ్యే పని కాదు. పెద్దవారికి చేసిన కాలు జాగ్రత్తగా వాడుకుంటే కొన్నేళ్లు నిలుస్తుంది. పిల్లల కాలు ఎంత బాగా కుదిరినా ఏడాది తిరిగేసరికి పొట్టిదైపోతుంది. సాకెట్, అంటే మోకాలి కింద మిగిలిన భాగాన్ని పట్టి ఉంచే గిన్నె, ఇరుకవుతుంది. ఎముక చివర దానికి ఒరుసుకుని చర్మం మొదట ఎర్రబడుతుంది, తరువాత పగులుతుంది. నడుము ఒకవైపు ఒరుగుతుంది. ఆ ఒరుగుదలకు వెన్నెముక అలవాటు పడకముందే కొత్త కాలు సిద్ధం కావాలి. కనుక ఒక పిల్లకు కాలు ఇవ్వడమంటే, ఆమె ఎదుగుదల ఆగేదాకా ఏటా ఒక కాలు ఇస్తామని ఒప్పుకోవడమే.

నేను ఈ పని శృంగవరపుకోటలో, మార్కెట్ వెనక వీధిలో ఉన్న ఒక చిన్న వర్క్‌షాపులో చేస్తున్నాను. కృత్రిమ అవయవాల తయారీ నా చదువు. అందరూ నన్ను డాక్టరమ్మ అంటారు. కానని ప్రతిసారీ చెబుతూ వచ్చాను, ఇప్పటికీ చెబుతాను. వర్క్‌షాపును నడిపేది ఒక సంఘం. దానికి అధ్యక్షుడు రిటైరైన హెడ్మాస్టరు. మేము కాళ్లకు డబ్బు తీసుకోము, అందువల్ల విరాళాల మీదనే బతకాలి. కొలతలు నా పని, విరాళాలు ఆయన పని అని మొదట్లో మా ఇద్దరి మధ్య ఒక గీత ఉండేది. ఆ గీత ఎక్కువ కాలం నిలవలేదు, ఎందుకంటే విరాళాల సమస్య కూడా పిల్లల కాళ్ల సమస్య లాంటిదే. మొదటిసారి ఇచ్చేవారు దొరుకుతారు. ఒక ఫొటో చూసి, ఒక మాట విని, మనసు కరిగి ఇస్తారు. మరుసటి ఏడు అదే పిల్లకు మళ్లీ కాలు కావాలన్నప్పుడు, "మొన్ననే కదా ఇచ్చాం" అన్న మాట వారి ముఖంలో కనిపిస్తుంది. పిల్ల ఎదగడం వారికి శుభవార్తగా కాక కొత్త ఖర్చుగా వినిపిస్తుంది.

మా వాదనలన్నీ చివరికి ఒకే ప్రశ్న దగ్గరికి వచ్చేవి. ఇచ్చినవారికి కృతజ్ఞత ఎలా చెప్పాలి? చెబితే మళ్లీ ఇస్తారా? హెడ్మాస్టరుగారి నమ్మకం సూటిగా ఉండేది. ఎంత గట్టిగా చెబితే అంత మేలు. శాలువా, దండ, జ్ఞాపిక, మైకులో పేరు. నేను అంత తేలిగ్గా నమ్మలేకపోయాను, ఎందుకంటే నా కళ్లెదుట ఉన్న దాతలు ఒకే తీరులో లేరు. విజయనగరంలో ఉండే ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగికి కావలసింది రసీదు ఒక్కటే, అది కూడా ఆలస్యం లేకుండా. ఒకసారి రసీదు అడుగున "మీ సహాయం ఇకముందు కూడా ఆశిస్తున్నాము" అని ముద్రించి పంపితే, ఆయన ఫోను చేసి ఇది రసీదా, బిల్లా అని అడిగారు. పాతపట్నం నుంచి ఇచ్చే ఒక వ్యాపారికి ఉత్తరాలతో పని లేదు. కాలు అమర్చిన రోజున తన తల్లి పేరు ఒకసారి పైకి చదవాలి, అంతే. ఒక టీచరు పెట్టిన షరతు ఏమిటంటే ఎవరూ తనకు ఫోను చేయకూడదు. ఒకరి కాలి మూస మీద చేసిన సాకెట్‌ను ఇంకొకరికి తొడగలేము. కృతజ్ఞత కూడా అలాంటిదేనని నాకు తోచేది. అయితే తోచడం వేరు, నిర్ధారించుకోవడం వేరు. ఆ నిర్ధారణ భోగాపురం అవతల, సముద్రపు ఒడ్డున జరిగింది.

అక్కడ ఒక మత్స్యకారుల ఊరు ఉంది. కొన్నేళ్ల కిందట ఆ ఊరి తెప్పల మనిషి ఒకడు ఇంజినులో కాలు ఇరుక్కుని మోకాలి కింది భాగం పోగొట్టుకున్నాడు. మా దగ్గర కాలు పెట్టుకుని, మళ్లీ తెప్ప ఎక్కాడు. వేసవిలో రెండు నెలలు ప్రభుత్వం వేట ఆపిస్తుంది. ఆ నిషేధం ముగిసి తెప్పలు మళ్లీ సముద్రంలోకి వెళ్లిన తొలి రోజున, ఆ ఊరివారు మా కోసం ఒక వాటా తీయడం మొదలుపెట్టారు. వాటా అంటే అక్కడ చాలా కచ్చితమైన మాట. పట్టిన చేపను ఒడ్డుకు తెచ్చాక ఇసుక మీద కుప్పలు వేస్తారు. తెప్పలో వెళ్లిన ప్రతి మనిషికీ ఒక కుప్ప, వలకు ఒకటి, ఇంజినుకు ఒకటి. ఆ తొలి రోజున మాత్రం ప్రతి తెప్ప దగ్గరా ఇంకొక కుప్ప పడేది. దాన్ని "కాలు వాటా" అనేవారు. ఆ కుప్పలన్నీ వేలం వేసి, వచ్చినది మాకు ఇచ్చేవారు. మా పిల్లలకు ఆ ఏడు కావలసిన కాళ్లన్నీ ఆ వాటాతోనే గడిచేవి.

మొదట్లో మా వర్క్‌షాపులో పనిచేసే ఒక అతను ఆ రోజున అక్కడికి వెళ్లి, వాటా తీసుకుని, చేపల కూర తిని వచ్చేవాడు. అతను పని మానేశాక మేము ఇంకొకరిని పంపలేదు. ఫోనులో వేసేయమని ఖాతా నంబరు ఇచ్చాము. ఒడ్డున దుకాణాలవాళ్లు కూడా ఫోనులోనే డబ్బు తీసుకుంటున్న రోజులు కనుక, అందులో తప్పేమీ మాకు కనిపించలేదు. ఆ చలికాలంలోనే హెడ్మాస్టరుగారు దాతల సన్మాన సభ పెట్టారు. టెంటు వేసి, దాతల పేర్లతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఆ ఊరి నుంచి కొందరు తెప్పల యజమానులు వచ్చారు. వారిని వేదిక మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ పిలిచి శాలువా కప్పి, మహాదాతలు అన్నారు. ఫ్లెక్సీ మీద ఒక పిల్ల చేతులు జోడించి ఉన్న ఫొటో వేయాలని కూడా అనుకున్నారు. దానికి నేను ఒప్పుకోలేదు, అది ఒక్కటీ ఆగింది. భోజనాలప్పుడు వారికి వేరుగా బల్ల వేశారు. అంతకుముందు ఎప్పుడు వచ్చినా వారు వర్క్‌షాపు లోపలికి వచ్చి, కాళ్లు సరిచేయించుకోవడానికి వచ్చిన వారితోపాటు నేల మీద కూర్చుని తినేవారు. ఆ రోజు బల్ల దగ్గర కొద్దిగా తిని, బస్సు ఉందని చెప్పి లేచిపోయారు.

ఈ ఏడు వేట నిషేధం ముగిసింది. తెప్పలు వెళ్లాయి, తిరిగి వచ్చాయి. మాకు మాత్రం ఏమీ రాలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక పిల్లను తండ్రి తీసుకువచ్చాడు. వాళ్లది శృంగవరపుకోటకు పడమటగా, కొండల అంచున ఉన్న పల్లె. తండ్రికి కాస్త వరి, కాస్త చోడి, అంటే రాగి, పండే భూమి ఉంది. తల్లి కోట మార్కెట్లో వంకాయలు అమ్ముతుంది. నూర్పిడి యంత్రం దగ్గర జరిగిన ప్రమాదంలో చిన్నతనంలోనే పిల్ల ఎడమకాలు మోకాలి కింద పోయింది. అప్పటి నుంచి ఆమె కాళ్లన్నీ నేను చేసినవే. ఇప్పుడు ఐదో తరగతి అయిపోయింది. ఆరో తరగతికి హైస్కూలు పక్క ఊళ్లో ఉంది. పొలం గట్ల మీదుగా కొంత దూరం, ఆ తరువాత తారురోడ్డు. వేసవి సెలవుల్లో ఆమె ఒక్కసారిగా పొడవు సాగింది. గుమ్మంలో నిలబడగానే ఎడమ తుంటి కిందికి దిగి ఉండటం కనిపించింది. కాలు విప్పితే ఎముక చివర చర్మం పగలడానికి సిద్ధంగా ఉంది.

తండ్రి నెమ్మదస్తుడు. కొత్త కాలు ఎప్పటికి అవుతుందని అడిగాడు. ఆమె సైజు పాదం తెప్పించడానికి నిధి లేదని, ప్రయత్నిస్తున్నామని చెప్పాను. అతను, అలాగైతే ఈ ఏడు బడి మాన్పించి ఇంటి దగ్గర ఉంచుతానన్నాడు. కాలు వచ్చాక వచ్చే ఏడు చేర్పించవచ్చని కూడా అన్నాడు. అది కోపంతోనో నిర్లక్ష్యంతోనో అన్న మాట కాదు. పిల్ల నొప్పితో గట్ల మీద పడిపోతుందని అతని భయం. పిల్ల మాత్రం తండ్రి వైపు చూడలేదు. తన పాత కాలును ఒళ్లో పెట్టుకుని, దాని పాదాన్ని తన కుడి పాదం పక్కన ఆనించి చూసుకుంటోంది.

ఒక కాలు ఖర్చు నేనే పెట్టుకోగలను. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. కానీ ఆ పిల్లకు వచ్చే ఏడు ఒకటి కావాలి, ఆ పై ఏడు ఇంకొకటి. ఆమె వెనక ఇంకా పిల్లలు ఉన్నారు. నా జీతంతో ఒక కాలు ఇచ్చి సమస్య తీరిందనుకోవడం, పొట్టి కాలుకు ఎత్తు చెప్పు తొడిగి సరిపోయిందనుకోవడం వంటిది. ఆగిపోయిన వాటా ఎందుకు ఆగిందో తెలుసుకోవాలి, దాన్ని మళ్లీ నడిపించాలి. ఈ ఏడు ఆ పిల్ల బడికి వెళ్లి తీరాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను. తండ్రితో, నేను కబురు చేసేదాకా బడి మాన్పించవద్దని మాత్రం గట్టిగా చెప్పాను.

సంఘం కూర్చుంది. హెడ్మాస్టరుగారు కృతజ్ఞత చాలలేదేమోనన్నారు. ఈసారి సభ వాళ్ల ఊళ్లోనే పెడదామని, ఇంకా పెద్ద ఫ్లెక్సీ కడదామని ప్రతిపాదించారు. నేను అడ్డుపడ్డాను. ఒక కాలు కుంటుతుంటే పాదం మార్చాలా, సాకెట్ మార్చాలా, కోణం మార్చాలా అన్నది చూసి తేల్చుకుంటాము. చూడకుండా మూడూ ఒకేసారి మార్చితే ఎక్కడ తప్పుందో ఎప్పటికీ తెలియదు. ముందు వెళ్లి అడుగుదామన్నాను. మర్యాద చేస్తే కోపం వచ్చేవాళ్లు ఉంటారా అని ఆయన ఆశ్చర్యపోయారు. తెలియదని, అందుకే వెళ్తున్నానని చెప్పాను.

మర్నాడు భోగాపురం దాటి, విమానాశ్రయం కోసం వేసిన వెడల్పు రోడ్డు మీద నుంచి సముద్రం వైపు దిగాను. ఆ ఊళ్లో మా దగ్గర మొదట కాలు పెట్టుకున్న తెప్పవాడు వేటకు వెళ్లి ఉన్నాడు. అతని భార్య ఒడ్డున వేలం పాడించే మనిషి. ఏ చేప ఏ ధరకు పోవాలో ఒడ్డు మీద ఆమె నోటినుంచే మొదలవుతుంది. గంపల మధ్య కూర్చుని చేపలు వేరుచేస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"ఓలమ్మ, డాట్రమ్మే. ఇన్నాళ్లకి మా ఊరి దారి తెలిసినాదేటి?"

నేను డాక్టరును కానని చెప్పడానికి అది సమయం కాదు. ఆమె పక్కన ఇసుకలో కూర్చున్నాను. యోగక్షేమాలు అయ్యాయి. ఆమె భర్త కాలు ఎలా ఉందని అడిగితే, ఉప్పునీళ్లలో నానినా బాగానే ఉందంది. సన్మానంలో కప్పిన శాలువా కూడా బాగా పనికొస్తోందంటూ ఒడ్డుకు లాగి ఉన్న ఒక తెప్ప వైపు గడ్డంతో చూపించింది. దాని ఇంజినుకు గాలి తగలకుండా జరీ అంచు శాలువా చుట్టి, తాడుతో బిగించి ఉంది.

ఇక నేను తిన్నగానే అడిగాను. ఈ ఏడు వాటా ఎందుకు రాలేదో తెలుసుకోవడానికి వచ్చానని, అడగడంలో తప్పుంటే చెప్పమని అన్నాను. ఆమె చేతిలోని చేపను గంపలోకి విసిరి, అప్పుడు నా వైపు తిరిగింది.

"వాటా అంటే ఏటనుకున్నారు మీరు? తెప్పలో ఎల్లినోడికి వాటా ఉన్నాది, వలకి ఉన్నాది, ఇంజినుకి ఉన్నాది. ఇంజినొచ్చి మాకు దండెయ్యదు గదా. కాలికీ అలగే ఒకటి ఎట్టినాం. మీరేమో పిలిచి, కుర్సీలేసి, శాలువాలు కప్పీసి, దాతలు దాతలు అన్నారు. దానమైతే ఒకపాలి సేస్తాం, దణ్ణమెట్టించుకుంటాం, అయిపోద్ది. వాటా అలగ అయిపోదు."

ఈ ఏడు ఎవరూ కుప్ప వేయలేదా అని అడిగాను.

"నాను అడిగినాను మా ఆయన్ని, కాలు వాటా తియ్యలేదేటని. 'అది అయిపోనాది కదే, ఫొటో కూడా తీసీసినారు' అన్నాడు."

చెప్పి తనే నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అతను వెటకారంగా అన్నాడా, నిజంగానే అలా అనుకున్నాడా అని అడిగాను. రెండూనని చెప్పింది. పూర్వం మా వర్క్‌షాపు మనిషి వచ్చేవాడని, ఎవరికి కాలు వేశారో, ఎవరు పడ్డారో, ఎవరు కొత్త కాలుతో పెళ్లిలో ఆడారో అన్నీ చెప్పేవాడని, అవి విన్నాకనే కుప్పలు వేసేవారని గుర్తుచేసింది. ఆ తరువాత ఫోను నంబరు వచ్చింది, మనిషి రావడం మానేశాడు. ఆ పైన శాలువాలు వచ్చాయి.

వచ్చేముందు ఊరి పెద్దను కూడా కలిశాను. ఆయన చెప్పిన కారణం వేరు. ఫ్లెక్సీ మీద వేసినవి సభకు వచ్చిన యజమానుల పేర్లు మాత్రమే. వాటా తీసినవి ఊళ్లోని తెప్పలన్నీ. పేరు లేనివాళ్లు పేరు ఉన్నవాళ్లను ఎత్తిపొడిచారు. ఒకరిద్దరి మధ్య మాటలు కూడా ఆగిపోయాయి. ఏడాదికొకసారి గొడవ ఎందుకని ఊరంతా ఊరుకుంది. ఆయన మాటలో కోపం లేదు, మాకు తెలియక జరిగిందనే అన్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుని లెక్క తేల్చబోయాను, తేలలేదు. మనిషి వెళ్లడం ఆగింది, దానం అన్న మాట వచ్చింది, పేర్ల పేచీ పుట్టింది. మూడూ ఒకే ఏడాదిలో జరిగాయి. దేని బరువు ఎంతో విడదీసి చెప్పే ఆధారం నా దగ్గర లేదు, ఇప్పటికీ లేదు. ఒకటి మాత్రం స్పష్టంగా కనిపించింది. వాళ్లు తమను ఈ పనిలో భాగస్వాములుగా భావించుకున్నారు. మేము వాళ్లను లేపి, గౌరవంగా, ప్రేక్షకుల మధ్య కూర్చోబెట్టాము. మేము చెప్పిన కృతజ్ఞతలో అబద్ధం లేదు. అయితే పని ముగిసినవారికి చెప్పే కృతజ్ఞత అది.

వేలం పాడించే ఆమె చివరగా చెప్పిన మాట ఒకటి ఉంది. వచ్చే వారంలో ఊళ్లో అందరూ కలిసి వేటకు వెళ్లే రోజు వస్తుందని, ఆ రోజు కుప్పలు వేయిస్తానని అంది. షరతు ఒక్కటే. "వాటా ఎవులిదో ఆలే ఒడ్డుకి రావాల."

వాటా ఎవరిది? నాదా, సంఘానిదా? ఎటు తిప్పి చూసినా ఈ ఏడు అది ఆ పిల్లదే. ఇక్కడ నాకు ఒక సంకోచం వచ్చింది. పిల్ల చేత చేతులు జోడింపజేసే ఫొటోకు ఒప్పుకోని నేను, ఇప్పుడు ఆ పిల్లనే ఒడ్డుకు తీసుకువెళ్లి నిలబెట్టడం ఏమిటి? రెండింటికీ తేడా ఉందని నాకు అనిపించినంత మాత్రాన చాలదు, పిల్లకూ అనిపించాలి. అందుకని వాళ్ల పల్లెకు వెళ్లి, తల్లిదండ్రుల ఎదుట ఆమెనే అడిగాను. విషయమంతా చెప్పాను. వెళ్లడం ఇష్టం లేకపోతే వేరే దారి చూస్తానని, ఆ దారి కోసం గట్టిగానే ప్రయత్నిస్తానని కూడా చెప్పాను. ఆమె చాలాసేపు వేలితో అరుగు మీది మట్టి గీకింది.

"అక్కడ నానేటి సెప్పాల?"

ఏమీ చెప్పక్కర్లేదన్నాను. దణ్ణం పెట్టనక్కర్లేదు, థాంక్స్ చెప్పనక్కర్లేదు. నీ వాటా నువ్వు తీసుకోవాలి, ఎవరైనా ఏదైనా అడిగితే, చెప్పాలనిపిస్తే చెప్పు. తల్లి మధ్యలో అందుకుని, వాటా చేపలు వేలంలో అమ్మడమంటే వంకాయలు అమ్మినట్టే కదా అంది. పిల్ల ముఖం కాస్త తేలికపడింది. సెలవుల్లో మార్కెట్లో తల్లి పక్కన కూర్చుని బేరాలు చూసిన పిల్ల ఆమె.

బయలుదేరే ముందు రోజు ఆమెను వర్క్‌షాపుకు పిలిపించాను. కొత్త కాలు లేదు. పాతదాన్నే కొన్నాళ్లు నడిచేలా చేయాలి. సాకెట్ అంచు ఒరుసుకునే చోట వేడిచేసి కొద్దిగా బయటికి వంచాను. ఆమెను నిలబెట్టి, ఎడమ పాదం కింద పలుచని చెక్కలు ఒక్కొక్కటే పెడుతూ, రెండు తుంటి ఎముకలు ఒకే ఎత్తుకు వచ్చేదాకా చూశాను. ఆ చెక్కల మందం కొలిచి, అంతే మందానికి చెప్పుల రబ్బరు పొరలు అతికించి, పాదం ఆకారానికి కోసి, కింద బిగించాను. హెడ్మాస్టరుగారు పక్కన నిలబడి చూస్తున్నారు. ఆయన చెడ్డవారు కారు. ఆ వర్క్‌షాపు గోడలు లేచింది ఆయన తిరిగిన గడపల వల్లనే. అయినా ఆ రోజు ఆయన గొంతు తగ్గించి, ఆ రబ్బరు రేపు సాయంత్రం తిరిగి వచ్చాక వేస్తే మంచిదేమోనన్నారు. పిల్ల కుంటుతూ కనిపిస్తే ఊరి మనసు కరుగుతుందని ఆయన ఉద్దేశం.

నేను పని ఆపలేదు. ఆమె నడకను సరిచేయడం నా పని అని, ఎవరి మనసు కోసమైనా ఒక్క పూట కూడా దాన్ని వంకరగా ఉంచనని చెప్పాను. గొంతు పెంచలేదు, ఆ అవసరం రాలేదు. ఆయన తనూ వస్తానన్నారు. ఒక్క మాట కూడా మాట్లాడకూడదనే షరతు మీద ఒప్పుకున్నాను.

తెప్పలు వచ్చే వేళకు మేము ఒడ్డున ఉన్నాము. పిల్ల, ఆమె తల్లి, హెడ్మాస్టరుగారు, నేను. సముద్రం చూడటం పిల్లకు అదే మొదటిసారి. పొడి ఇసుకలో మడమ దిగబడి, మోకాలు వెనక్కి తన్నుతోంది. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. చేయి అందివ్వబోయాను. ఆమె నా చేతిని చూడకుండా చుట్టూ చూసింది. అల వచ్చి వెళ్లిన చోట తడి ఇసుక గట్టిగా ఉండటం గమనించి, అటు తిరిగి, నీటి అంచు వెంబడి నడవడం మొదలుపెట్టింది. నేను ఆ మాట చెప్పి ఉండాల్సింది, నాకు తోచనే లేదు.

తెప్పలు ఒడ్డుకు చేరాయి. మనుషులు వలలు దులిపి కుప్పలు వేస్తున్నారు. మా కాలు పెట్టుకున్న తెప్పవాడు తన తెప్ప దగ్గర నిలబడి ఉన్నాడు. కృత్రిమ కాలికి మోకాలి దాకా ఇసుక అంటుకుని ఉంది. పిల్ల దగ్గరికి రాగానే అతని కళ్లు ఆమె ముఖం మీదికి కాదు, పాదం మీదికి వెళ్లాయి. కాలు పెట్టుకున్నవారు ఇంకొకరి కాలును చూసే చూపు అది. వేలం పాడించే ఆమె కూడా వంగి చూసింది.

"ఇదేటే గుంటా, కిందన సెప్పు మీద సెప్పు అతికించినారు?"

పిల్ల తన పాదం వైపు చూసుకుంది. తరువాత తల ఎత్తి, దాపరికం లేకుండా, మార్కెట్లో ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.

"నాను ఎదిగిపోనాను. ఇది ఎదగనేదు."

ఎవరూ అయ్యో అనలేదు. తెప్పవాడు గట్టిగా నవ్వి, తన కాలును చేత్తో తట్టి, తనది ముసలికాలని, అది ఎదగదని, తనూ ఎదగడని అన్నాడు. పిల్ల మొదటిసారి నవ్వింది. బడి ఎక్కడని అడిగారు. గట్ల దారి, తారురోడ్డు, ఆరో తరగతి, అన్నీ చెప్పింది. అడిగినవాటికే కాదు, అడగనివాటికి కూడా చెప్పింది. కొత్త కాలు రాకపోతే నాన్న బడి మాన్పిస్తాడట అన్నది కూడా అలాగే, ఒక సమాచారంగా చెప్పింది. నేను ఇన్నేళ్లుగా విరాళాల కోసం రాసిన ఉత్తరాలన్నిటిలోనూ ఆమె మొదట చెప్పిన ఆ రెండు వాక్యాలంత కచ్చితమైన నివేదిక లేదు. ఆమె చెప్పింది కృతజ్ఞతా కాదు, అర్థింపూ కాదు. పని ఎక్కడిదాకా వచ్చిందో పనిలో వాటా ఉన్నవారికి చెప్పడం, అంతే.

తెప్పవాడు తన కుప్పల పక్కన ఇంకొకటి వేశాడు. పక్క తెప్పవారు అటు ఒకసారి చూసి తామూ వేశారు. ఎవరు వేశారు, ఎవరు వేయలేదు అని నేను చూడలేదు. చూడకూడదనే ముందుగా అనుకుని వెళ్లాను. కుప్పలన్నీ ఒకచోటికి చేర్చారు. చాలామటుకు మామూలు చేపలైన కానాగడతలు, పైన ఒక ఖరీదైన వంజరం. హెడ్మాస్టరుగారి చేయి సంచిలోకి వెళ్లడం గమనించాను. లోపల మడత పెట్టిన శాలువా అంచు కనిపించింది. ఆయన నా వైపు చూశారు. ఆయనే చేయి బయటికి తీసి, సంచి మూతి ముడివేశారు.

వేలం పాడించే ఆమె పిల్ల ఎదురుగా నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి, సరుకు నీది, ధర చెప్పమంది. పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి సముద్రం వైపు తిరిగింది. పిల్ల కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి, వంజరాన్ని వేరుగా తీయించి, అది విడిగా అమ్ముతానంది. ఒడ్డున ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. పిల్ల చెప్పిన ధరకు వేలం పాడించే ఆమె కళ్లు పెద్దవి చేసి, ఆ ధరకు సముద్రమే వస్తుందంది. పిల్ల తగ్గలేదు. వంకాయల దగ్గర నేర్చిన పద్ధతిలో, నచ్చకపోతే వేరే వాళ్లను అడుగుతానంది. మరో ఇద్దరు పాటలోకి దిగారు. ధర ఎక్కడ ఆగిందో నేను రాయను. ఆ ఏడు పిల్లల కాళ్లకు సరిపోయింది.

ఆ వారంలోనే పిల్ల కాలికి మూస తీశాను. ప్లాస్టరు ఆరాక, మోకాలి చిప్ప కింద బరువు మోసే చోట గీకి లోతు చేసి, ఎముక పైకి తేలే చోట పూత వేసి ఎత్తు చేశాను. పొయ్యిలో తెల్లటి ప్లాస్టిక్ షీటు వేడెక్కి గాజులా తేటపడిన వేళ బయటికి తీసి మూస మీద లాగాను. పాదం వచ్చాక కోణం చూసుకున్నాను. సముద్రపు ఇసుకకు కాదు, గట్ల దారికీ తారురోడ్డుకూ కుదిరేట్టు పెట్టాను. బడి మొదలైన కొన్ని వారాలకు ఆమె ఆరో తరగతిలో చేరింది.

సంఘంలో ఇప్పుడు కొన్ని పద్ధతులు మారాయి. బ్యాంకు ఉద్యోగికి రసీదు అదే వారంలో వెళ్తుంది, అడుగున ఏ వాక్యమూ ఉండదు. పాతపట్నం వ్యాపారి తల్లి పేరు చదువుతాము. టీచరుకు ఫోను చేయము. ఆ ఊరికి మాత్రం ఏడాదికొకసారి ఎవరో ఒకరు వెళ్లి ఒడ్డున కూర్చుని, ఎవరి కాలు ఎలా నడుస్తోందో చెప్పి వస్తారు. బాగా నడవనివాటి సంగతి కూడా చెబుతారు. ఇది కృతజ్ఞత కిందికి వస్తుందా అని హెడ్మాస్టరుగారు ఇంకా అడుగుతుంటారు. పేరు ఏదైనా ఫరవాలేదని నేనంటాను.

వేలం రోజున మేము తిరిగి వస్తుంటే, వేలం పాడించే ఆమె తడి ఇసుక చివరి దాకా మా వెంట వచ్చింది. ఎవరూ ఎవరికీ దణ్ణం పెట్టలేదు. ఆమె పిల్ల ఎత్తును కళ్లతోనే ఒకసారి కొలిచింది.

"వచ్చే ఏడు మళ్లా ఎదుగుతావేటే?"

"ఎదగనేటి మరి," అంది పిల్ల.

"అయితే బేగి రా. ఈ ఏడు తొలిరోజు అయిపోనాక వొచ్చినావు, మంచి ధర పోనాది."